రెండు జిల్లాల ఇల్లు

"మద్రాసు రాజధానిలో ఉన్న జిల్లాలన్నీ, ఒక్కటి వదలకుండా, నిద్రలో లేపి అడిగినా వరసగా చెప్తాను. పైనుంచి కిందికి కావాలా, కిందినుంచి పైకి కావాలా? అలాంటి నా మాట మీద మీ ప్రొఫెసరమ్మకి అనుమానమా!"

సుధాకరరావు ఇడ్లీ ముక్కని కొబ్బరి పచ్చడిలో ముంచి, ఆ చేత్తోనే గాలిలో అడ్డంగా ఒక గీత గీశాడు. అది కృష్ణా జిల్లాకీ పశ్చిమ గోదావరికీ నడుమ సరిహద్దని బల్ల చుట్టూ కూర్చున్న మిగతా ముగ్గురికీ తెలుసు. నిన్న సాయంత్రం నుంచీ సింగపూరు సెంబవాంగ్‌లోని ఆ పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో మరో మాట లేదు. సరిహద్దు చివర పచ్చడి చుక్క ఒకటి ఎగిరి మనవరాలు నందిత కాగితాల మీద పడింది.

నందిత దాన్ని వేలితో తుడిచింది.

మామూలుగా అయితే "అయ్యో తాతయ్యా, వై లైక్ దట్!" అని ఇల్లెగిరిపోయేలా అరిచే పిల్ల. అరవకపోవడం చూసే నానమ్మ లీలావతికి భయమేసింది.

"అనుమానం కాదు నాన్నా. ఋజువు అడిగింది," అన్నాడు చక్రధర్. చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకు ఉద్యోగం అతనిది. ఋజువన్న మాటని ఇంట్లో కూడా బ్యాంకు గొంతుతోనే పలుకుతాడు.

"నేనుండగా వేరే ఋజువేమిట్రా!"

"మీరు తప్ప వేరేది లేకపోవడమే కదా చిక్కు."

కోడలు అమూల్య ఆఫీసు పని మీద జకార్తాలో ఉంది. ఉంటే సంగతి ఇంతదాకా రానిచ్చేది కాదు.

ప్రొఫెసర్ పంపిన మెయిల్ చిన్నదే. నాలుగో అధ్యాయంలో తొమ్మిది చోట్ల ఒకే మనిషి సాక్ష్యం ఉంది: ఎస్.ఆర్., వయసు డెబ్బై తొమ్మిది. ఆయన మీ తాతగారు కావడం తప్పు కాదు. కానీ ఆయన చెప్పినవాటిలో నిలిచేవేవో తేల్చుకుని, నిలవనివి కొట్టేసి, సోమవారం పొద్దున పదింటికల్లా పంపు. మంగళవారం కమిటీ.

కమిటీ తలూపితే నందిత పరిశోధన సాగుతుంది. ఊపకపోతే రెండేళ్ల చదువుని అక్కడికక్కడ ఆపించి, చిన్న పట్టా ఒకటి చేతిలో పెట్టి, మంచిది వెళ్లి రమ్మంటారు. కిందటేడు నందిత తోటివాళ్లలో ఇద్దరికి అలాగే అయింది.

ఆ పిల్ల ఎత్తుకున్న విషయం కూడా మామూలుది కాదు. తెల్లదొరల కాలంలో గంజాం నుంచి తిరునల్వేలి దాకా అంతా మద్రాసు రాజధానే. దాన్ని జిల్లాలుగా, జిల్లాని తాలూకాలుగా, తాలూకాని ఫిర్కాలుగా కోసుకుంటూ వెళ్లారు. 1925లో కృష్ణా జిల్లాని రెండు చేసి ఒక ముక్కకి పశ్చిమ గోదావరి అని పేరు పెట్టారు. కోసినవాళ్ల సంగతి కాగితాల్లో బోలెడంత ఉంది. కత్తి పడిన చోట కాపరం ఉన్నవాళ్ల సంగతేమిటన్నది నందిత ప్రశ్న.

జవాబు ఇంట్లోనే సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. "మా అమ్మ పుట్టిల్లు గొల్లగట్టుపాడు. ఆ గీత సరిగ్గా మా తాతగారి ఇంట్లోంచే పోయింది," అని సుధాకరరావు ఒకనాడు టీ తాగుతూ అన్నాడు. పిల్ల ఫోన్‌లో రికార్డు పెట్టింది. రెండు నెలల పాటు సాయంత్రాలు బ్లాకు కింద ఖాళీ హాల్లో బెంచీ మీద తాతా మనవరాలూ కూర్చున్నారు. నాలుగో అధ్యాయం అలా తయారైంది.

చెప్పినాయన బస్టాండులో విచారణ కిటికీ వెనక ముప్పై ఏళ్లు కూర్చున్న మనిషి. "ఇదిగో, వచ్చేస్తోంది" అన్నది ఆయన వృత్తిధర్మం. ఆ సంగతి అధ్యాయంలో ఎక్కడా లేదు.

"నందూ, నా మాట విను," అన్నాడు చక్రధర్. "నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా నాన్న గురించి వ్యాసం రాయమన్నారు. మా నాన్న ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్ దాకా మెయిలు బండి నడిపాడని రాశాను. ఈయన చెప్పిందే రాశాను. రోజంతా బెంచీ ఎక్కించారు."

"నడిపాను! డ్రైవరుకి కడుపునొప్పి వస్తే..."

"నాన్నా! మీరు సాక్ష్యానికి పనికొచ్చే మనిషి కాదు. నాకు బెంచీతో పోయింది. దీనికి చదువే పోతుంది."

లీలావతి ఇంకో ఇడ్లీ మొగుడి కంచంలో వేసింది. ఆయన దాన్ని తినలేదు.

అప్పుడు నోరు విప్పింది నందిత. "ఓకే తాతయ్యా. డిస్ట్రిక్ట్స్ అన్నీ వస్తాయన్నావు కదా. చెప్పు. ఐ ఆమ్ చెకింగ్, హా. కమిటీలో నిన్ను ఎందుకు నమ్మాలంటే నేను ఏదో ఒకటి చెప్పాలి."

సుధాకరరావు లేచి నిలబడి చేతులు కట్టుకున్నాడు. ఊళ్లో బడి గోడకి మద్రాసు రాజధాని పటమే వేలాడేది. రాజధాని పోయి కొత్త రాష్ట్రం వచ్చాక కూడా అదే వేలాడింది, కొత్త పటం ఎవరూ పంపలేదు మరి. లేని రాజధానిలో తనని పాసు చేశారని ఆయన చెప్పుకుంటూ ఉంటాడు.

"గంజాం, విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు, కడప, కర్నూలు, బళ్లారి, అనంతపురం, చిత్తూరు..." ఊపిరి పీల్చుకుని, అదే రాగంలో, "గూడూరు, బిట్రగుంట, ఒంగోలు, చీరాల, తెనాలి..."

"వెయిట్, వెయిట్. బిట్రగుంట డిస్ట్రిక్టా?"

"కాదూ?"

"తాతయ్యా!"

సుధాకరరావు చేతులు విప్పేసి హాయిగా నవ్వాడు. "పదకొండు దాటితే నాకు రావే తల్లీ. ఎప్పుడూ రాలేదు. మా మాస్టారు ఏడో పేరు దగ్గరే కునుకు తీసేవారు. రాగం ఆగితే లేచి బెత్తం తీస్తారు. ఆగకూడదు కదా! అందుకని అక్కణ్ణుంచి మెయిలు దారిలో ఉన్న స్టేషన్లు అందుకునేవాణ్ణి. ప్రతి ఏడూ నాకే ఫస్టు."

నందిత నవ్వలేదు. చక్రధర్ అయితే కుర్చీ వెనక్కి జరిపి, సంచీ తీసుకుని, గోంగూర తేవాలంటూ లిటిల్ ఇండియాకి రైలెక్కడానికి వెళ్లిపోయాడు. ఆదివారం అక్కడ కాలు పెట్టే సందు ఉండదని తెలిసీ వెళ్లాడంటే ఎంత కోపంగా ఉన్నాడో లీలావతికి అర్థమైంది.

భోజనాలయ్యాక లీలావతి మనవరాల్ని వంటింట్లోకి పిలిచి తలుపు దగ్గరగా వేసింది. హాల్లో సుధాకరరావు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని సోఫాలో వెనక్కి వాలి ఉన్నాడు.

"ఆ కాగితాలు తీసుకురా. ఎర్ర పెన్ను కూడా."

"నానమ్మా, నువ్వు ఆ ఇల్లు చూశావా?"

"లేదే. నేను కాపరానికి వచ్చేసరికే తుపానుకి కూలిపోయింది. మొండిగోడ ఒకటి చూశానంతే."

"మరి ఏది నిజమో నీకెట్లా తెలుస్తుంది?"

లీలావతి స్టవ్ తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. యాభై ఆరేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి అది. తోడికోడళ్లకి చెప్పలేదు, కన్నకొడుక్కి చెప్పలేదు. ఆ ఒక్కటీ చేతిలో ఉండబట్టే ఆ మనిషితో అన్నేళ్లు నెట్టుకొచ్చానని ఆవిడ నమ్మకం.

"మీ తాతయ్య నిజం చెప్పేటప్పుడు పొడిపొడిగా చెప్తాడు. రెండు ముక్కలు అని ఊరుకుంటాడు. అబద్ధం చెప్పేటప్పుడు కొలతలు చెప్తాడు."

"కొలతలంటే?"

"అంగుళాలు, మూరలు, రోజులు. ఎన్ని కోడిగుడ్లు, ఎంత పొడుగు పాము. నన్ను చూసుకోవడానికి వచ్చినప్పుడు మా నాన్నతో, మాకు ఊరికి తూర్పున పొలం ఉందండీ అన్నాడు. అది ఉంది. పడమటి వైపు ఎకరం డెబ్బై మూడు సెంట్ల మామిడితోట అన్నాడు. ఆ తోట ఇప్పటిదాకా నేను చూడలేదు."

నందిత కళ్లు పెద్దవయ్యాయి. "నానమ్మా, దట్స్ ఎ మెథడ్! పేపర్ రాయొచ్చు దీని మీద."

"రాద్దువుగాని. ముందు చదువు."

నందిత చదవడం మొదలుపెట్టింది. గొల్లగట్టుపాడులో సుధాకరరావు తాతగారి తమ్ముణ్ణి కోడిపందేల కేసులో పట్టుకోవడానికి కృష్ణా జిల్లా కానిస్టేబులు వచ్చాడట. ఆయన నులక మంచం మీద పడుకుని ఉన్నాడట. ఆయన్ని లేపకుండానే నలుగురు మంచాన్ని రెండున్నర గజాలు జరిపితే పశ్చిమ గోదావరిలోకి వెళ్లిపోయిందట. కానిస్టేబులు పదకొండు రోజులు అరుగు మీదే భోజనం చేసి వెళ్లాడట.

"గజాలు, రోజులు. కొట్టెయ్."

గుమ్మడిపాదు వేరు కృష్ణాలో, కాయలు పశ్చిమ గోదావరిలో. పద్నాలుగు కాయలు. ఎవరివన్న దాని మీద రెండు ఊళ్ల మునసబులూ పోట్లాడుకున్నారట.

"పద్నాలుగా? కొట్టెయ్."

జమాబందీకి, అంటే ఏటా శిస్తు లెక్కలు చూడటానికి, వచ్చిన దొర గుర్రం దొడ్లో నిలబడితే ముందుకాళ్లు ఒక జిల్లాలో, వెనక కాళ్లు ఇంకో జిల్లాలో ఉండేవట. దొర ఇటు తిరిగి ఒక సలాము, అటు తిరిగి ఇంకో సలాము అందుకునేవాడట.

"ఇందులో కొలత లేదు నానమ్మా."

"గుర్రం కాళ్లు లెక్కపెట్టలా? కొట్టెయ్."

ఎర్ర పెన్ను పేజీ తర్వాత పేజీ పట్టుకుని పోయింది. చివరికి మళ్లీ మొదటి పేజీకి వచ్చి ఆగింది. అధ్యాయం మొత్తం నిలబడింది ఆ వాక్యం మీదే: సరిహద్దు గీత ఇంట్లోంచి, వంటింటి గడపకి మూరెడు ఇవతల, పోయేది.

"ఇది వద్దు నానమ్మా. ఇది పోతే ఇంకేముంటుంది?"

"మూరెడన్నాడా లేదా?"

నందిత పెదవి కొరుక్కుంది. "అన్నాడు."

లీలావతి చెయ్యి చాచి పెన్ను తనే తీసుకుంది. ఆ వాక్యం మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత కొట్టేసింది.

పిల్ల ఏడవలేదు. కాగితాలు చదును చేసుకుంటూ కూర్చుంది. ఆ చదును చేయడం లీలావతి చూడలేకపోయింది.

"వెళ్లి ఇంకోసారి అడుగు," అంది. "ఏదైనా మిగిలుంటుంది."

నందిత తలుపు తీసింది. సుధాకరరావు పేపరు మొహం మీంచి దించాడు. నిద్రపోయిన కళ్లలా లేవు.

"తాతయ్యా, ఇంకేమైనా ఉందా? చిన్నదైనా పర్లేదు. రియల్‌గా జరిగింది."

ఆయన చాలాసేపు కిటికీ వైపు చూశాడు. ఎదురు బ్లాకులో ఎవరో వెదురు గడకి బట్టలు ఆరేస్తున్నారు.

"తలారి మాత్రం ఒక్కడే ఉండేవాడు," అన్నాడు. "చంటి అని. రెండు తాలూకా కచేరీల కాగితాలూ వాడే మోసేవాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది. పోయాడు. వాడు పోయినప్పుడు రెండు జిల్లాల నుంచీ ఎవరూ రాలేదు."

మళ్లీ పేపరు మొహానికి అడ్డం వెళ్లిపోయింది.

నందిత వెనక్కి తిరిగి నానమ్మని చూసింది. గుమ్మంలో నిలబడ్డ లీలావతి ఆ మాటల్ని ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చూసుకుంది. అంగుళం లేదు, రోజు లేదు, మూర లేదు. రెండు ముక్కలు, ఆ తర్వాత మౌనం. యాభై ఆరేళ్లలో ఆయన నోటి నుంచి ఇంత పొడి మాట మూడో నాలుగో విని ఉంటుంది.

"ఇది రాసుకో," అంది. "దీనికి నాదీ పూచీ."

దీపం పెట్టే వేళకి అధ్యాయం ప్రొఫెసర్‌కి వెళ్లిపోయింది. తొమ్మిది సాక్ష్యాల్లో ఒక్కటీ మిగల్లేదు. వాటి స్థానంలో చంటి ఉన్నాడు. దేవుడి దగ్గర వత్తి వెలిగిస్తుంటే లీలావతికి, ముక్కూమొహం తెలియని ఆ మనిషి కోసం కళ్లు చెమర్చాయి. ఎవరూ చూడకుండా కొంగుతో ఒత్తుకుంది.

సోమవారం సుధాకరరావు మాట్లాడలేదు.

కాఫీ తాగాడు, స్నానం చేశాడు, కిందికి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. రోజూ పలకరించే చైనా పెద్దాయనకి కూడా, సింగపూరుని కూడా ఒకప్పుడు కలకత్తా నుంచే ఏలారన్న పాఠం చెప్పలేదు. పదకొండు గంటలకి లీలావతి మజ్జిగ గ్లాసు పట్టుకుని లిఫ్టు దిగింది.

"కోపమా?"

"ఎందుకు కోపం?"

"అన్నీ కొట్టించేశానని."

"కొట్టించడానికే కదా పెన్ను ఎర్రగా ఉంటుంది." మజ్జిగ తాగి గ్లాసు ఒళ్లో పెట్టుకున్నాడు. "ఏమే, ఒక మనిషి ఉన్నాడనడానికి ఏం కావాలి?"

"ఎవరో ఒకరు చూసుండాలి."

"చూసినవాళ్లందరూ పోతే?"

"చెప్పేవాళ్లుండాలి."

"చెప్పేవాళ్లుంటే చాలా?"

లీలావతికి ఆ ప్రశ్న నచ్చలేదు. "ఆ చంటి గురించి ఇన్నేళ్లలో నాకెప్పుడూ చెప్పలేదేం మీరు?" అంది.

సుధాకరరావు గ్లాసు అడుగున మిగిలిన కరివేపాకుని వేలితో తీశాడు. "నువ్వెప్పుడూ అడగలేదు," అన్నాడు.

ఆరు గంటలకి నందిత చెప్పులు కూడా విప్పకుండా ఇంట్లోకి వచ్చింది. ఈ ఇంట్లో అది జరగని పని. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి సాక్సు విప్పుకుంటున్న చక్రధర్ ఒక కాలితోనే లేచి నిలబడ్డాడు.

"ఏమైంది?"

"రెండు మెయిల్స్ వచ్చాయి. డాడీ, కూర్చో. తాతయ్యా, నువ్వూ. నానమ్మా, కమ్, కమ్."

మొదటిది చెన్నై నుంచి. నందితలాగే పరిశోధన చేసుకుంటూ అక్కడి పాత కాగితాల్లో మునిగి ఉన్న అభిరామ్ అనే కుర్రాడు ఒక పటం స్కాన్ చేసి పంపాడు. నెల క్రితం అడిగితే ఇప్పటికి దొరికిందట. నందిత లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టింది. వెలిసిపోయిన కాగితం మీద నల్లటి చుక్కల గీత ఒకటి మురుగుకాలవ వెంట వచ్చి, మలుపు దగ్గర కాలవని వదిలేసి, నిటారుగా ఒక చిన్న చతురస్రం మధ్యలోంచి వెళ్లింది. చతురస్రం పక్కన సన్నటి ఇంగ్లీషు అక్షరాలు.

"ఏముంది అక్కడ?" అన్నాడు చక్రధర్.

"ఇల్లు అని ఉంది. ఊరు పేరు చూడు డాడీ. గొల్లగట్టుపాడు."

చక్రధర్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని చూశాడు. గీత కదల్లేదు. ఇల్లూ కదల్లేదు.

"నువ్వు కొట్టేశావు నానమ్మా," అంది నందిత. నిష్ఠూరం లేదు గొంతులో, వింతే ఉంది. "అది నిజం. తాతయ్య చెప్పింది నిజం."

లీలావతి తెర మీది చతురస్రాన్ని చూస్తూ నిలబడింది. మూరెడన్నాడు. నిజమే అన్నాడు. మరైతే తన లెక్క? ఒక్కసారి తప్పిందా, లేక మొదటి నుంచీ తప్పేనా?

చక్రధర్ తండ్రి ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. ఆ ఇంట్లో తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చోవడం అరుదు.

"నాన్నా. నిన్న నేనన్న మాట... సాక్ష్యానికి పనికిరారని. తప్పు. అనకుండా ఉండాల్సింది."

"పర్లేదులేరా."

"పర్లేదు కాదు. మెయిలు బండి సంగతి కూడా..."

"అది వదిలెయ్," అన్నాడు సుధాకరరావు గబగబా.

"రెండో మెయిల్ చదవనా?" అంది నందిత. ఆ పిల్ల మొహం రెండు రోజుల తర్వాత మళ్లీ మొహంలా ఉంది. "ప్రొఫెసర్ రాసింది. చంటి ఉన్న పేజీ చదివి చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను అంది. రెండు జిల్లాలకీ పని చేసి, ఏ జిల్లాకీ చెందకుండా పోయిన మనిషి. నీ పరిశోధనకి గుండె దొరికింది అంది! నువ్వు పంపిన పటం ఎలాగూ ఉంది కాబట్టి ఇల్లు మళ్లీ చేర్చెయ్, కానీ ముందు చంటి ఉండాలి. అధ్యాయం పేరే మార్చమంది. 'చంటి: రెండు జిల్లాల తలారి.' కమిటీకి పంపేసింది కూడా."

"మంచిదే కదా," అన్నాడు చక్రధర్.

"ఇంకా ఉంది. రేపు తాతయ్యని తీసుకురమ్మంది. కమిటీలో ఒకాయన చంటి గురించి తాతయ్య నోటితోనే వినాలంటున్నాడట. జస్ట్ ఐదు నిమిషాలు. రికార్డు చేసి లైబ్రరీలో పెడతారట. తాతయ్యా, కెన్ ఆర్ నాట్? కెన్ లా! నేను యెస్ అని పెట్టేస్తున్నా."

పెట్టేసింది. ఫోన్ చిన్నగా కూసింది.

సుధాకరరావు ఏదో అనబోయి ఆగాడు. లీలావతి లోపలికి వెళ్లి పకోడీల పిండి కలపసాగింది. వంటింట్లోంచి హాలు కనిపిస్తూనే ఉంది. ఈసారి తలుపు వేయలేదు.

"రేపు అడుగుతారు కదా, కొంచెం ప్రాక్టీస్ చేద్దాం," అంటోంది నందిత. "చంటి ఎలా ఉండేవాడు తాతయ్యా? పొడుగా, పొట్టా?"

"ఐదడుగుల నాలుగంగుళాలు," అన్నాడు సుధాకరరావు. "ఎడంకాలికి నాలుగే వేళ్లు. మెడలో తాడుకి రెండు ఇత్తడి బిళ్లలు, ఒక్కోటీ మూడు తులాలు..."

పిండిలో లీలావతి చెయ్యి ఆగిపోయింది.

ఆవిడ పిండి చేత్తోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సుధాకరరావు తలెత్తి చూశాడు. బిళ్లల సంగతి నోట్లోనే ఉండిపోయింది.

"ఏమండీ."

"ఊఁ."

"తులాలు కూడా చెప్తున్నారు."

నందిత ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ముందు నవ్వింది. తర్వాత నవ్వు మానేసింది. చక్రధర్‌కి ఆ కొలతల సంగతి తెలియదు కాబట్టి, "ఏమిటమ్మా?" అన్నాడు.

కింద రోడ్డు మీద బస్సు ఆగి, తలుపులు మూసుకుని, వెళ్లిపోయిన చప్పుడు పదకొండో అంతస్తు దాకా వచ్చింది.

"నిన్న వంటింటి తలుపు సరిగా పడలేదు," అన్నాడు సుధాకరరావు చివరికి. భార్య వైపు చూడలేదు. "యాభై ఆరేళ్ల నుంచీ నన్ను దేంతో తూచుతున్నావో నిన్న విన్నాను. విని, కొలత లేకుండా ఒక్కటి చెప్పి చూద్దామనిపించింది. అప్పటికే పిల్ల చేతిలో ఒక్క కాగితం మిగల్లేదు. పదకొండు పేర్లయ్యాక రాగం ఆగిపోతే ఎలా?"

"తాతయ్యా," అంది నందిత. "ఏది ఎంత నిజం?"

"మంచం రెండున్నర గజాలు జరపలేదు, ఒకటిన్నరే జరిపారు. కానిస్టేబులు పదకొండు రోజులు ఉండలేదు, ఒక్క పూట తిని వెళ్లాడు. గుమ్మడికాయలు పద్నాలుగు కాదు, నాలుగు. దొర గుర్రాన్ని నేను చూడలేదు, మా అమ్మ చూసింది. కాస్త సాగదీశానే తప్ప అవన్నీ ఉన్నవే."

సుధాకరరావు తెర మీది నల్ల చుక్కల గీత మీద వేలు పెట్టి, చతురస్రం లోంచి ఇటు నుంచి అటు దాకా నెమ్మదిగా నడిపించాడు. అవతలి అంచు దగ్గర వేలు ఆగింది.

"చంటి ఒక్కడే లేడమ్మా. వాణ్ణి నేను నిన్న మధ్యాహ్నం పుట్టించాను."